హోమరు వీరకావ్యములలో గౌరవభాగము

ఒక జాతియొక్క ప్రాచీన వీరకావ్యమును చదివి ఆ జాతి సంస్కృతిని తెలిసికొనవచ్చునని సాహిత్యచరిత్రలన్నియు చెప్పుచున్నవి. ఎట్లు తెలిసికొనవలెనను ప్రశ్న మాత్రము తరచుగా విడిచిపెట్టబడుచున్నది. కావ్యము శాసనము కాదు. కవి లేఖకుడు కాడు. అతడు జరిగినదానిని పెంచి చెప్పును, జరుగనిదానిని కల్పించును, తనకు ముందటి యుగమును తన కాలపు వేషభాషలతో నింపును. అట్టివాని మాటనుబట్టి ఒక సమాజపు విలువలను నిర్ణయించుట ఎంతవరకు న్యాయము? గ్రీకు భాషలో మనకు దక్కిన కావ్యములలో మొదటివగు ఇలియడ్, ఒడిస్సీలను ఆధారముగా గొని ఈ ప్రశ్నను విచారించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఇందు మేము అనుసరించు పద్ధతిని ముందుగా చెప్పవలసియున్నది. కవి బిగ్గరగా పొగడినవానికంటె, వివరింప నక్కరలేదని తలచి అలవోకగా చెప్పి విడిచినవానియందే చరిత్రకు పనికివచ్చు సాక్ష్యము హెచ్చుగా నుండును. వీరుని పరాక్రమమును వర్ణించునపుడు కవి అతిశయోక్తికి లోబడును. వధింపబడిన ఎద్దు మాంసమును ఎవరికెంత పంచిరో చెప్పునపుడు అతిశయోక్తితో పనిలేదు. శ్రోతలు ఆ పంపకపు పద్ధతిని ఎరిగినవారే. కవి తప్పు చెప్పినచో వెంటనే పట్టుకొనగలరు. కావున యుద్ధవర్ణనలను కొంత ప్రక్కకుంచి, ఈ కావ్యములలో పంపకము జరిగిన ఘట్టములను వరుసగా పరిశీలింతము. గౌరవమనునది ఆ సమాజమున ఏ రూపమున నుండెనో, దానిని ఇచ్చువారెవ్వరో, దాని హద్దు ఎచ్చటనో ఆ ఘట్టములే మనకు చూపగలవు.

1. కావ్యములు ఏ కాలమునకు సాక్షులు?

ఇలియడ్‌లో సుమారు 15,700 పాదములు, ఒడిస్సీలో సుమారు 12,100 పాదములు కలవు. రెండును పాదమునకు ఆరు గణములు గల ఒకే వృత్తమున నడచినవి. క్రీ.పూ. 8వ శతాబ్ది ఉత్తరార్ధమునకును 7వ శతాబ్ది పూర్వార్ధమునకును నడుమ ఇవి నేటి రూపమును పొందినవని పండితులలో పెక్కుమంది అంగీకరించుచున్నారు. కథ జరిగినట్లు చెప్పబడు కాలమో, అంతకు నాలుగైదు వందల యేండ్ల పూర్వపుది. ఈ రెండు కాలముల నడుమ గల దూరమే హోమరు పరిశోధనకు మూలమైన చిక్కు.

1870లో హైన్రిఖ్ ష్లీమన్ టర్కీదేశపు వాయవ్యభాగమునందలి హిస్సార్లిక్ దిబ్బను త్రవ్వ నారంభించెను. 1876లో మైసీనీ కోటలోని సమాధులనుండి బంగారు ముఖావరణములను వెలికిదీసెను. అప్పటినుండి హోమరు వర్ణించిన లోకము మైసీనీ యుగపు లోకమేయను నమ్మకము ప్రబలెను. 1939లో కార్ల్ బ్లేగన్ పైలాస్‌లో కనుగొనిన మట్టిపలకలు ఆ నమ్మకమును మొదట బలపరచునట్లు తోచినను, 1952లో మైకేల్ వెంట్రిస్ 'లీనియర్ బి' లిపిని ఛేదించిన పిదప దానిని సడలించినవి. ఆ పలకలలోని భాష గ్రీకే. కాని వానియందు కనబడునది ప్రతి వస్తువునకును లెక్క వ్రాయించు రాజప్రాసాదము. ఏ కంచరికి ఎంత కంచు కేటాయించిరి, ఏ పనికత్తెల గుంపునకు ఎంత ధాన్యము, ఎన్ని అత్తిపండ్లు ఇచ్చిరి అనునవి అందలి విషయములు. హోమరు రాజుల ఇండ్లలో లేఖకుడన్నవాడు లేడు. రెండు కావ్యములలోను వ్రాత ప్రసక్తి ఒక్కచోటనే కనబడును. ఇలియడ్ ఆరవ సర్గలో బెల్లెరోఫాన్ చేతికి ఇచ్చి పంపిన మడత పలకపై ప్రాణాంతకమైన గురుతులు గీయబడినవని కవి చెప్పును. ఆ చెప్పుటయందును దూరమునుండి విన్న వింతను గూర్చి చెప్పుచున్న ధోరణియే కలదు.

రెండు పదముల చరిత్ర ఈ మార్పును స్పష్టము చేయును. పలకలలో 'వనక్స్' అనగా ప్రాసాదాధిపతియగు మహారాజు. 'గ్వసిలెఉస్' అనగా ఒక చిన్న అధికారి. హోమరు నందు ఈ రెండవ పదమే 'బసిలెఉస్' రూపమున ప్రభువును చెప్పును. ఒక్క ఇథాకా ద్వీపమునందే అట్టి ప్రభువులు పలువురు కలరని ఒడిస్సీ మొదటి సర్గ చెప్పుచున్నది. 'తెమెనొస్' అను మాట పలకలలో వనక్స్‌కు చెందిన భూమిని తెలుపును. దాని పరిమాణము ధాన్యపు కొలతలలో వ్రాయబడియుండును. హోమరు నందు అదే మాటకు, మేలు చేసిన వీరునికి జనులు కోసి ఇచ్చు మాన్యము అని అర్థము. మాట నిలిచినది, దాని వెనుకనున్న వ్యవస్థ మారినది. ప్రాసాదము కూలిన పిమ్మట, ఇచ్చు చేయి జనసమూహముదైనది.

ఈ జనసమూహము ఏ శతాబ్దికి చెందినదను విషయమున భేదాభిప్రాయములు కలవు. ఎం. ఐ. ఫిన్లీ 1954లో ప్రకటించిన తన గ్రంథమున దానిని క్రీ.పూ. 10, 9 శతాబ్దులకు చేర్చెను. ఆంథొనీ స్నాడ్‌గ్రాస్ 1974లో, ఈ కావ్యములందు కన్యకు వరుడిచ్చు కానుకలును, కన్యతో పంపబడు సొత్తును గూడ కలసి కనబడుటను ఎత్తిచూపి, ఇది ఏ ఒక్క సమాజపు చిత్రమును కాదని వాదించెను. ఇయన్ మోరిస్ 1986లో, కవి చూపినది తన శ్రోతలు బ్రదికిన 8వ శతాబ్ది లోకమేయని సమర్థించెను.

మా అభిప్రాయమున ఈ వివాదమునకు మౌఖిక కవితారచనను గూర్చిన పరిశోధన కొంత దారి చూపుచున్నది. మిల్మన్ పారీ 1928లో ప్రకటించిన సిద్ధాంతవ్యాసములలో హోమరు విశేషణములు వృత్తమున కనువుగా తరతరముల గాయకులు రూపొందించుకొనిన పదబంధములని నిరూపించెను. తరువాత 1933 – 1935 నడుమ యుగోస్లావియాలో జీవించియున్న గాయకుల పాటలను సేకరించెను. అతని శిష్యుడు ఆల్బర్ట్ లార్డ్ 1960లో వెలువరించిన గ్రంథము ఆ గాయకులు పాడుచునే కూర్చుచుందురని వివరించెను. అట్టి గాయకుని నోట పాతకాలపు వస్తువు పదబంధములో చిక్కుకొని నిలువవచ్చును. ఇలియడ్ పదవ సర్గలోని అడవిపంది కోరల శిరస్త్రాణము అట్లు నిలిచినదే. కాని మనుష్యుల నడుమ సంబంధములు అట్లు నిలువవు. ఎవడు ఎవనికి ఏల కోపగించెనో శ్రోతకు అర్థము కానిచో కథ అచ్చటనే ఆగిపోవును. కావున వస్తువులు పాతవైనను, కలహమునకు కారణములు శ్రోతలకు తెలిసినవే యగును. విలువలను గూర్చి ఈ కావ్యములు చెప్పు సాక్ష్యము నమ్మదగినదనుటకు మాకు తోచిన ముఖ్యహేతువు ఇదియే.

2. వెల, భాగము, కలహము

హోమరు నందు గౌరవమునకు 'తిమే' అని పేరు. తెలుగున మనము వాడు 'గౌరవము' అను మాట బరువు అను అర్థమునుండి పుట్టినది. 'మర్యాద' హద్దు అను అర్థమునుండి పుట్టినది. గ్రీకు పదము వెల కట్టుటతో ముడివడినది. తరువాతి గ్రీకున అదే మాట వస్తువుల వెలకును వాడబడినది. ఈ వెల వీరుని మనస్సులో దాగియుండునది కాదు. పదిమంది కన్నులయెదుట అది ఒక వస్తువుగా నిలువవలెను. ఆ వస్తువునకు 'గెరస్' అని పేరు. కొల్లసొమ్మును అందరికిని పంచుటకు ముందు, ప్రముఖునికై సేన ప్రత్యేకముగా తీసి ఇచ్చు భాగమది. దీనినే మేము 'గౌరవభాగము' అని వ్యవహరించుచున్నాము.

ఇలియడ్ మొదటి సర్గలోని కలహమంతయు ఈ భాగమును గూర్చినదే. అపోలో దేవుని అర్చకుడగు క్రైసీస్ తన కుమార్తెను విడిపించుకొనుటకు అంతులేని ధనమును గొని గ్రీకుల శిబిరమునకు వచ్చెను. సేన అంతయు అర్చకుని మన్నింపుమని కేక వేసినను అగమెమ్నాన్ అతనిని అవమానించి వెడలగొట్టెను. తొమ్మిది దినములు మారి చెలరేగెను. పదవ దినమున అకిలీస్ సభ పిలిచెను. కన్యను తిరిగి యిచ్చుటకు అగమెమ్నాన్ ఒప్పుకొనెను. కాని సేననాయకులలో తానొక్కడే భాగము లేనివాడగుట తగదనియు, వెంటనే బదులు కావలెననియు పట్టుపట్టెను. అందుకు అకిలీస్ చెప్పిన సమాధానము గమనింపదగినది. కొల్లసొమ్ము పంచుట ముగిసినదనియు, ఎక్కడను ఉమ్మడినిధి మిగిలి లేదనియు, ఇచ్చినదానిని జనులయొద్దనుండి మరల ప్రోగుచేయుట తగదనియు అతడు చెప్పెను.

ఇది పంతము మాత్రమే కాదు, ఒక ధర్మసూక్ష్మము. రాజుయొద్ద నిధి యుండిన వ్యవస్థలో ఈ కలహము పుట్టుటకే వీలులేదు. రాజు తన భాండారమునుండి మరియొకటి తీసికొనియుండును. భాండారము లేని సమాజమున, ఒకరికి క్రొత్తగా భాగము కావలెనన్నచో మరియొకరి చేతినుండి తీయవలసినదే. అగమెమ్నాన్ బ్రైసెయిస్‌ను తెప్పించుకొనినపుడు అతడు తీసికొనినది అకిలీస్ దాసిని మాత్రమే కాదు. సేన అకిలీస్‌కు కట్టిన వెలను. పైగా అకిలీస్ నింద ఒక్క అగమెమ్నాన్‌పైననే నిలువలేదు. ఆ కన్యకై నేను మీతో పోరాడను, ఇచ్చినవారు మీరే, తీసికొనినవారును మీరే అను భావమును బహువచనముతో పలికెను. చూచుచు ఊరకున్న సేనయును అతని దృష్టిలో అపరాధియే. ఇచ్చువారికి మరల తీసికొను హక్కు కలదా? లేనిచో ఆ గౌరవమును కాపాడువారెవ్వరు? కావ్యమునకు బీజమైన ప్రశ్న ఇది.

ఈ భాగమునకు ప్రతిగా వీరుడు చేయవలసినదేమో పండ్రెండవ సర్గలో సార్పెడాన్ తన మిత్రుడగు గ్లాకస్‌తో చెప్పిన మాటలలో తేటపడును. లిసియా దేశమున మనకు ముందుపీటలు, మంచి మాంసము, నిండిన పాత్రలు, నదీతీరమున మాన్యము ఇచ్చిరి. కావున ముందువరుసను నిలిచి పోరాడుట మన విధి అని అతడు వాదించెను. వెంటనే మరియొక మాట కలిపెను: ముదిమియు చావును లేనివారమైనచో తాను పోరాడనని. అనగా భాగమును స్వీకరించుట ఒక ఋణము; దానిని తీర్చుకొనుటకు వీరుని చేతనున్నది మరణించగల దేహమొక్కటే. ఇరువదిరెండవ సర్గలో హెక్టర్ కోటగోడ వెలుపల ఒంటరిగా నిలిచిపోవుటకును ఇట్టి ఋణభావమే కారణము. సేనను నాశనము చేసినవాడని తనకంటె తక్కువవాడు అనునేమోయన్న సిగ్గు అతనిని లోపలికి పోనీయలేదు. ఇ. ఆర్. డాడ్స్ 1951లో ఈ సంస్కృతిని సిగ్గు ప్రధానమైన సంస్కృతిగా వర్ణించుటకు ఇట్టి ఘట్టములే ఆధారములు.

3. అకిలీస్ వేసిన ప్రశ్న

ఒక సమాజపు విలువలను తెలిపినంతమాత్రమున కావ్యము గొప్పది కాదు. తొమ్మిదవ సర్గ ఆ విలువలను పరీక్షకు పెట్టుచున్నది. యుద్ధమున దెబ్బతినిన అగమెమ్నాన్ అకిలీస్‌ను మరల రప్పించుటకు దూతలను పంపెను. ఏడు ముక్కాలి పాత్రలు, పది తూకముల బంగారము, ఇరువది కొప్పెరలు, పండ్రెండు గుఱ్ఱములు, లెస్బాస్‌కు చెందిన ఏడుగురు స్త్రీలు, వారితో బ్రైసెయిస్; ట్రాయి పడిన పిమ్మట ఓడనిండ బంగారము, కంచు; స్వదేశము చేరిన పిమ్మట తన కుమార్తెలలో ఒకతె, ఏడు పట్టణములు. ఈ జాబితాను ఒడిస్యూస్ అక్షరము తప్పక అకిలీస్‌కు వినిపించెను. చివరి మాటలను మాత్రము విడిచిపెట్టెను. తాను హెచ్చు ప్రభుత్వము గలవాడును పెద్దవాడును గనుక అకిలీస్ తనకు లొంగవలెనని అగమెమ్నాన్ ముగించియుండెను. దూత దాచినను ఆ కానుకల వెనుకనున్న లొంగుబాటును అకిలీస్ గుర్తించినట్లే అతని సమాధానము నడచును.

అకిలీస్ చెప్పినదాని సారము రెండు మాటలు. వెనుక నిలిచినవానికిని ముందు పోరాడినవానికిని ఒకే భాగము దొరకుచున్నది. పిరికివాడును శూరుడును ఒకే గౌరవమున నున్నారు. ఇది మొదటి మాట. ఎడ్లను, గొఱ్ఱెలను కొల్లగొని తెచ్చుకొనవచ్చును, ముక్కాలి పాత్రలను సంపాదింపవచ్చును. పండ్ల వరుసను దాటిపోయిన ప్రాణమును ఏ ధనమును తిరిగి తేలేదు. ఇది రెండవ మాట. మొదటి మాట వ్యవస్థ చెడిపోయినదని చెప్పుచున్నది. రెండవ మాట, వ్యవస్థ చెడక యున్నను ప్రాణమునకు వెల కట్టుట సాధ్యము కాదని చెప్పుచున్నది. సార్పెడాన్ లెక్క అకిలీస్‌యొద్ద కుదురలేదు. ఏడమ్ పారీ 1956లో ప్రకటించిన వ్యాసమున, తన నిరాశను చెప్పుటకు తగిన భాష అకిలీస్‌కు లేదనియు, వీరులందరును వాడు భాషనే అతడు వంచి వాడుకొనెననియు చెప్పెను. ఇందు కొంత నిజము కలదు. అయినను భాష లేని భావమును శ్రోతలకు అందింపగలిగిన కవి, ఆ విలువల లోపమును తాను ఎరిగినవాడే యని మేము తలచుచున్నాము.

అకిలీస్‌కు ఎదురుగా ఎజాక్స్ చెప్పిన మాట గూడ గమనింపవలెను. సోదరుని చంపినవానినుండి, కుమారుని చంపినవానినుండి సైతము జనులు పరిహారమును స్వీకరించి కోపమును అణచుకొందురని అతడు గుర్తుచేసెను. పదునెనిమిదవ సర్గలో అకిలీస్ డాలుపై చెక్కబడిన నగరమున ఇదే విషయము మరల కనబడును. ఒక హతుని పరిహారమును గూర్చి ఇరువురు వాదించుచుండగా, వృద్ధులు నునుపైన రాళ్లపై కూర్చుండి తీర్పు చెప్పుచుందురు; నడుమ రెండు తూకముల బంగారము పెట్టబడియుండును. పగను ధనముతో ఆపు ఆచారము వృద్ధిపొందుచున్న సమాజమిది. పరిహారమును ఒల్లని మహావీరుడు ఆ సమాజమునకు రక్షకుడును, ప్రమాదమును గూడ.

ఇరువదిమూడవ సర్గలోని అంత్యక్రీడలు ఈ చర్చకు కావ్యము ఇచ్చిన ఒక సమాధానమని చెప్పవచ్చును. రథపు పందెమున కాడి విరిగి కడపటివాడైన యుమెలస్‌కు, అతడు శ్రేష్ఠుడని యెరిగిన అకిలీస్ రెండవ బహుమానము ఇయ్యబోయెను. గెలిచి తెచ్చుకొనినదానిని వదలనని యువకుడగు ఆంటిలోకస్ ఎదురుతిరిగెను. ఇది మొదటి సర్గలోని కలహమే, చిన్న రూపమున. అకిలీస్ చిరునవ్వు నవ్వి, యుమెలస్‌కు తన సొత్తునుండి ఒక కవచమును తెప్పించి యిచ్చెను. తరువాత మెనెలాస్ తనను మోసగించితివని నిలదీయగా ఆంటిలోకస్ గెలిచిన గుఱ్ఱమును అతనికి అప్పగించెను. మెనెలాస్ మెత్తబడి దానిని తిరిగి యిచ్చెను. అగమెమ్నాన్ చేయలేని పని ఇచ్చట జరిగినది: పంచువాడు ఇతరుని భాగమును తాకక తనదానినుండి ఇచ్చెను, గెలిచినవాడు వదలుకొనగా ఎదుటివాడు తిరిగి యిచ్చెను.

4. భాగము లేనివారు, తామే భాగమైనవారు

ఈ వ్యవస్థను కేవలము వీరుల దృష్టితో చూచినచో పరిశోధన సగమే యగును. రెండవ సర్గలో థెర్సైటీస్ అను సామాన్యుడు సభలో లేచి, అగమెమ్నాన్ కొల్లసొమ్మును తానే మ్రింగుచున్నాడనియు, అకిలీస్‌ను అవమానించెననియు పలికెను. మొదటి సర్గలో అకిలీస్ అనిన మాటలకును వీనికిని భేదము స్వల్పము. ఒడిస్యూస్ అతనిని దండముతో వీపుపై కొట్టెను, జనులు నవ్విరి. ఒకే నింద ఒకని నోట ధర్మమైనది, మరియొకని నోట దండనార్హమైనది. మాటలాడు హక్కును ఒక విధమైన గౌరవభాగమే. అది అందరికిని పంచబడలేదు.

క్రీడలలో మల్లయుద్ధమున గెలిచినవానికి పెట్టిన ముక్కాలి పాత్రకు వెల పండ్రెండు ఎడ్లు. ఓడినవానికి పెట్టిన పనిపాటలు నేర్చిన స్త్రీకి వెల నాలుగు ఎడ్లు. ఒడిస్సీలో లెర్టీస్ యూరిక్లియాను ఇరువది ఎడ్ల వెలకు కొనెను. కవి ఈ లెక్కలను ఏ వ్యాఖ్యయును లేక చెప్పును. ఆ నిర్వికారతయే మనము వెదకు సాక్ష్యము. అయినను పందొమ్మిదవ సర్గలో ఆ కవియే బ్రైసెయిస్ నోరు విప్పించెను. పెట్రోక్లస్ శవముపై బడి ఆమె చేసిన విలాపమువలన, ఆమె భర్తయు ముగ్గురు సోదరులును పట్టణము పడిన దినముననే చచ్చిరని మనకు తెలియును. భర్తను చంపినవాడు అకిలీసే. ఆమెతో ఏడ్చిన స్త్రీలు పైకి పెట్రోక్లస్‌కై ఏడ్చినను, లోలోపల ఎవరి దుఃఖమునకై వారు ఏడ్చిరని కవి చెప్పును. కావ్యమునకు హేతువైన 'భాగము' ఒక మనుష్యురాలని శ్రోతకు తెలియవచ్చుట ఇచ్చటనే. ఒడిస్సీ ఇరువదిరెండవ సర్గలో టెలిమాకస్ పండ్రెండుగురు దాసీలను ఉరిదీయుట ఇంతటి కరుణను పొందలేదు. ఆ స్త్రీల పాదములు కొంచెము సేపు కొట్టుకొనెనని మాత్రమే కవి చెప్పి ఊరకుండెను. ఈ రెండును ఒకే సంప్రదాయమున కలవని మరువక చెప్పుటయే న్యాయము.

5. అతిథికి పెట్టిన భాగము

జనసమూహము లోపలివానికి గౌరవభాగము సేన ఇచ్చును. వెలుపలినుండి వచ్చినవానికి ఎవరు ఇత్తురు? ఒడిస్సీకి ఇది ముఖ్యమైన ప్రశ్న. వాకిట నిలిచిన క్రొత్తవానిని చూచి, అతిథి ఇంతసేపు నిలువవలసివచ్చెనేయని టెలిమాకస్ నొచ్చుకొనెను. మొదట భోజనము, ఆ తరువాతనే పేరు అడుగుట. ఇది నెస్టర్ ఇంటను, మెనెలాస్ ఇంటను పాటింపబడిన క్రమము. పోలిఫీమస్ గుహలో ఈ క్రమము తలక్రిందైనది. అతడు మొదట పేరడిగెను. తరువాత అతిథులనే తినెను. ఒడిస్యూస్‌ను కడపట తినుటయే తానిచ్చు అతిథికానుక యని పరిహసించెను. ఏకాక్షులకు సభలు లేవు, కట్టుబాట్లు లేవు, ఎవని కుటుంబమునకు వాడే ప్రభువు అని కవి ముందుగానే చెప్పియుండెను. సభ లేనిచోట పంపకము లేదు. పంపకము లేనిచోట అతిథి లేడు. పెనెలోపిని కోరి వచ్చిన 108 మంది సభ ఎరిగినవారేయయ్యు పరుల ఇంటి సొత్తును ప్రతిఫలము లేక తినిరి. వారిలో టెసిప్పస్ అనువాడు ముష్టివాని వేషముననున్న ఒడిస్యూస్‌పైకి ఎద్దు కాలిగిట్టను విసరి, దానిని అతిథిభాగమనెను. కవి వారిని ఏకాక్షుని సరసన నిలిపినాడు.

ఇచ్చట ఒక చిన్న విషయమును మా పద్ధతికి నిదర్శనముగా చూపుచున్నాము. ఇలియడ్ ఏడవ సర్గలో హెక్టర్‌తో ద్వంద్వయుద్ధము చేసి వచ్చిన ఎజాక్స్‌కు అగమెమ్నాన్ ఎద్దు వెన్నుమాంసమును పెట్టి గౌరవించెను. ఒడిస్సీ పదునాలుగవ సర్గలో పందుల కాపరియగు యుమియస్, తానే దాసుడయ్యు, ఎవరో యెరుగని ముష్టివానికి పందిని కోసి, మాంసమును ఏడు భాగములు చేసి, వెన్నుమాంసమును అతనికి పెట్టి గౌరవించెను. రెండుచోట్లను గ్రీకు క్రియాపదము ఒక్కటే. అది 'గెరస్' నుండి పుట్టినదే. రాజు వీరునికి చేసిన మర్యాదను దాసుడు బిచ్చగానికి చేసెను. కవి అందుకు వేరు మాట వెదకలేదు. పరదేశులును బిచ్చగాండ్రును జ్యూస్ దేవుడు పంపినవారేయని ఆ కాపరి కారణము చెప్పెను. గౌరవభాగమునకు పరాక్రమము అక్కరలేని మార్గము ఒకటి ఆ సంస్కృతిలో కలదని ఈ ఒక్క పదము రుజువు చేయుచున్నది.

అదే వెన్నుమాంసము ఎనిమిదవ సర్గలో మరియొకనికి దక్కినది. ఫియేషియనుల కొలువున అంధగాయకుడగు డెమొడొకస్‌కు ఒడిస్యూస్ తన భాగమునుండి కోసి పంపెను. గాయకుడు ఇచ్చునది 'క్లెఒస్', అనగా వినబడు కీర్తి. ఈ మాట వేదభాషలోని 'శ్రవస్'కు సోదరపదము. క్షయింపని కీర్తియను అర్థము గల గ్రీకు పదబంధమునకును వేదములోని పదబంధమునకును గల పోలికను 1853లో అడల్బర్ట్ కూన్ గుర్తించెను. మరణించగల దేహమును ఇచ్చి క్షయింపని కీర్తిని కొనుట వీరుని బేరము. కాని ఒడిస్సీ పదునొకండవ సర్గలో ప్రేతలోకమున అకిలీస్ ఆ బేరమును మెచ్చుకొనలేదు. మృతులందరికిని రాజగుటకంటె భూమి లేని పేదవానియొద్ద కూలికి పనిచేయుటయే మేలనెను. రెండవ కావ్యము మొదటి కావ్యపు విలువను మరల తూచి చూచినది.

6. ఉపసంహారము

ఇలియడ్ ఒక వృద్ధుడగు తండ్రి తన బిడ్డకై ధనమును గొని శత్రువుల శిబిరమునకు వచ్చుటతో మొదలైనది. అట్లే ముగియుచున్నది. క్రైసీస్ వచ్చినచోటికే ఇరువదినాలుగవ సర్గలో ప్రయామ్ వచ్చెను. కుమార్తెకై గాక కుమారుని శవమునకై వచ్చెను. అగమెమ్నాన్ త్రోసివేసిన ప్రార్థనను అకిలీస్ అంగీకరించెను. తన కుమారుని చంపిన చేతులను ప్రయామ్ ముద్దిడగా, అకిలీస్ తన తండ్రిని తలచుకొని ఏడ్చెను. సంతానమంతయు పోయినను నయోబీ భోజనము చేసెనని చెప్పి, గొఱ్ఱెను కోసి, మాంసమును తన చేతితోనే పంచెను. తొమ్మిదవ సర్గలో దూతలకును అతడే మాంసము పంచియుండెను. కాని వారు తనవారు. ఇతడు శత్రువు. ఈ పంపకము సేన చేయించినది కాదు, సేనకు తెలిసినదియు కాదు. దేవతలు శవమును విడువుమని ఆజ్ఞాపించిన మాట నిజమే. కాని ప్రయామ్‌ను కూర్చుండబెట్టి భోజనము పెట్టుమని ఏ దేవతయు చెప్పలేదు.

హోమరు నందు 'గెరస్' అను మాటకు మరియొక ప్రయోగము కలదు. మృతునికి చేయవలసిన శోకమును, సమాధియు మృతుల గౌరవభాగమని ఈ కావ్యములు పలుచోట్ల చెప్పుచున్నవి. పెట్రోక్లస్‌కు అది అకిలీస్ ఇచ్చినది. హెక్టర్‌కు ఇయ్యక దినదినము రథమునకు కట్టి ఈడ్చినది. కడపట పదునొకండు దినములు యుద్ధము ఆపి ఆ భాగమును హెక్టర్‌కు దక్కనిచ్చెను. ఒకరి భాగమును మరియొకరు లాగికొనుటతో మొదలైన కావ్యము, ఏ మనుష్యునినుండియు లాగికొనరాని భాగమును తిరిగి ఇచ్చుటతో ముగిసినది.

ఈ పరిశీలనమువలన తేలినది ఇది. హోమరు కావ్యములు చూపు సమాజమున గౌరవము జనులు ఇచ్చినపుడే కలుగునది, కన్నులకు కనబడునది, అందువలననే పోగొట్టుకొనదగినది. ఆ సమాజపు శౌర్యమును కలహమును ఒకే మూలమునుండి పుట్టినవి. దాని హద్దుల వెలుపల దాసులు, స్త్రీలు, సామాన్యులు నిలిచిరి. కవి వారిని ఒకచోట చూచెను, మరియొకచోట చూడలేదు. కాని హద్దు దాటి భాగము పెట్టిన చేతులు రెండు ఈ కావ్యములలో కలవు: ఒకటి దాసునిది, మరియొకటి అకిలీస్‌ది. వీరకావ్యమును జాతి సంస్కృతికి అద్దమనుట వాడుక. అద్దము ఉన్నదానిని మాత్రమే చూపును. ఈ కావ్యములు గ్రీకులు ఏమి పంచుకొనిరో చెప్పుటతో నిలువక, పంపకమున ఎవరు మిగిలిపోయిరో గూడ అడిగినవి. విద్యార్థులకు ఈ కావ్యములను బోధించునపుడు మొదటి విషయముతోపాటు రెండవదానిని గూడ విడువక బోధింపవలెనని మా మనవి.